బాత్రూం గోడకు బెజ్జం వేసే ముందు: గీజర్, బేసిన్, పంపులు, పైపుల బిగింపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

టైల్స్ వేసిన బాత్రూం, వంటింటి గోడలకు ఏదైనా బిగించుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ జవాబులు. ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి: టైలు దేన్నీ మోయదు. మోసేది దాని వెనకున్న గోడ.

టైల్స్ వేసేశాక, లోపలి గోడ దేనితో కట్టారో ఎలా తెలుస్తుంది?

డ్రిల్ నుంచి రాలే పొడి చూడండి. మొదట వచ్చేది టైలు పొడి, తర్వాతది టైలు వెనక సిమెంటుది. ఈ రెండూ లెక్కలోకి రావు. సుమారు అంగుళం లోపలికి వెళ్లాక వచ్చే పొడిని బట్టి తేల్చుకోవాలి. ఎర్రగా వస్తే ఎర్ర ఇటుక. తెల్లగా, మెత్తగా రాలుతూ బిట్టు జర్రున లోపలికి పోతుంటే తేలిక బ్లాకు, అంటే ఏఏసీ బ్లాకు. బూడిద రంగులో గరుకుగా వస్తూ బిట్టు ఓ మాదిరిగా కదులుతుంటే సిమెంటు ఇటుకో, ఫ్లై యాష్ ఇటుకో అయ్యుంటుంది. బూడిద రంగు పొడే సన్నగా వస్తూ, ఎంత నొక్కినా బిట్టు కదలకపోతే కాంక్రీటు.

బెజ్జం వేయకుండానే తెలుసుకోవాలంటే మెయిన్ ఆపి, ఆ గోడకున్న స్విచ్ బోర్డు ప్లేటు విప్పి, పెట్టె పక్కన గోడ ఎలా ఉందో టార్చి వేసి చూడండి. తలుపు గుమ్మం దగ్గర గోడ మందం కొలిస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది. ప్లాస్టరింగు, టైల్స్ కలిపి ఆరంగుళాలు, అంతకు కాస్త అటూ ఇటూ ఉంటే అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కావచ్చు. పదంగుళాలు దాటితే తొమ్మిదంగుళాల గోడ. అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో కట్టిన కొత్త టవర్లలో (మన దగ్గర మైవాన్ అనే అంటారు) గదుల మధ్య గోడలు కూడా కాంక్రీటువే. మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌తో అక్కడ కుస్తీ పడితే చేతులు నొప్పి తప్ప పని జరగదు. ఎస్‌డీఎస్ రోటరీ హామర్ (కాంక్రీటును గట్టిగా కొడుతూ తొలిచే డ్రిల్) అద్దెకు తెచ్చుకోండి.

ఎంత లోతు బెజ్జం వేయాలి? దుకాణంలో ఇచ్చిన గిట్టీ సరిపోదా?

గిట్టీ అనండి, రావల్ ప్లగ్ అనండి (బెజ్జంలో కొట్టి, దానిలోకి స్క్రూ ఎక్కించే ప్లాస్టిక్ ముక్క), సామాను ఊడిపోయే కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. లెక్క వేసి చూడండి. టైలు మందం 8 మి.మీ. అనుకుందాం. దాని వెనక సిమెంటు మాల్ 15 నుంచి 20 మి.మీ. అంటే పైనుంచి 25 మి.మీ. పైగా బరువు మోయని పొరే. సామానుతో పాటు వచ్చే 50 మి.మీ. గిట్టీని టైలుకు సమంగా కొడితే అసలు ఇటుకలో ఉండేది సగం కూడా కాదు. సబ్బు పెట్టెకు, టవల్ రింగుకు అది చాలు. గీజర్‌కు, బేసిన్‌కు చాలదు.

బరువు మోసే వాటికి కనీసం 50 మి.మీ. ఇటుకలోనే దిగాలి. అందుకు మొత్తం లోతు 80 నుంచి 85 మి.మీ. పడుతుంది. నాలుగున్నర అంగుళాల గోడలో 90 మి.మీ. దాటించొద్దు. అవతలి బాత్రూంలో టైలు ఉబ్బి ఊడిపోవచ్చు. లోతు తప్పకుండా ఉండాలంటే బిట్టుకు కావలసిన చోట ఇన్సులేషన్ టేపు చుట్టండి. గిట్టీ పొడవు కంటే బెజ్జం 10 మి.మీ. ఎక్కువ ఉండాలి, పొడి నిలవడానికి. ఆ తర్వాత పొడి ఊదేయాలి, నోటితో కాదు, చిన్న గాలి పంపుతో. పొడి మిగిలితే గిట్టీ గోడను కాక పొడినే పట్టుకుంటుంది.

టైలు పగలకుండా బెజ్జం వేయడం ఎలా?

ముందు టైలును వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే వెనక మాల్ పూర్తిగా పట్టలేదని అర్థం. నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి అంటించిన టైల్స్‌లో ఇది మామూలే. గట్టి శబ్దం వచ్చే చోటుకు గుర్తు జరపండి. అంచు నుంచి కనీసం ఒకటిన్నర అంగుళం లోపల ఉండాలి.

గుర్తు మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీదే గీత గీయండి. బిట్టు జారదు, గ్లేజు చిట్లదు. మామూలు సిరామిక్ వాల్ టైల్స్‌కు (12×18, 12×24 అంగుళాలవి ఎక్కువగా ఇవే) ఈటె మొన లాంటి కొస ఉన్న టైల్ బిట్టు చాలు. విట్రిఫైడ్ టైలుకు, గ్రానైటుకు డైమండ్ బిట్టు కావాలి. అది లేకుండా విట్రిఫైడ్ మీద మామూలు బిట్టుతో మొదలుపెడితే ఐదు నిమిషాల్లో బిట్టు కొస ఎర్రగా కాలుతుంది, టైలు మీద గీత కూడా పడదు.

డ్రిల్ మీద సుత్తి గుర్తు మీట ఆపేయాలి. నెమ్మదిగా తిప్పాలి, ఒత్తిడి తక్కువ పెట్టాలి. డైమండ్ బిట్టుకు నీళ్లు తప్పనిసరి. తడిపిన స్పాంజితో ఇంకొకరు చుక్కలు పిండుతూ ఉంటే మంచిది, ధార కట్టి డ్రిల్ మీదికి రాకూడదు. గొట్టంలా ఉండే డైమండ్ బిట్టుకు మధ్యలో మొన ఉండదు కాబట్టి నిటారుగా పెడితే జారుతుంది. కాస్త వాలుగా పట్టుకుని ఒక పక్క నెలవంకలా గాడి పడ్డాక నెమ్మదిగా నిటారు చేయండి.

టైలు దాటాక బిట్టు మార్చి, మేసనరీ బిట్టు వేసి, అప్పుడు హామర్ ఆన్ చేయండి. తేలిక బ్లాకు అయితే అప్పుడు కూడా హామర్ వద్దు.

ఇంకో కిటుకు చాలామంది పట్టించుకోరు. టైలులో బెజ్జం, ఇటుకలో బెజ్జం కంటే ఒక సైజు పెద్దదిగా ఉండాలి. ఇటుకలో 8 మి.మీ. అయితే టైలులో 10. గిట్టీని కూడా టైలు దాటి లోపలికి కొట్టాలి. గిట్టీ టైలు మందంలో ఉండిపోతే, స్క్రూ బిగించేకొద్దీ ఉబ్బి టైలును లోపలినుంచి నెడుతుంది. బిగించిన రోజు బాగానే ఉండి, వారానికి సన్నగా నెర్రె కనిపించడానికి కారణం తరచుగా ఇదే.

టైల్స్ మధ్య జాయింటులో బెజ్జం వేస్తే మంచిదంటారు. నిజమేనా?

పాత ఇళ్లలో జాయింటు వెడల్పుగా ఉండేది కాబట్టి ఆ సలహా చెల్లింది. ఇప్పుడు 2 మి.మీ. స్పేసర్ పెట్టి వేస్తున్నారు. 8 మి.మీ. బిట్టు అందులో దిగితే రెండు టైల్స్ అంచులూ చిట్లుతాయి. 5 మి.మీ. లోపు చిన్న స్క్రూకు, జాయింటు వెడల్పుగా ఉంటే, సరే.

గోడలో పైపులు, వైర్లు ఎక్కడున్నాయో తెలియదు. ఎక్కడ వేయకూడదు?

ప్రతి పంపు, యాంగిల్ కాక్, షవర్ మిక్సర్ పాయింటు నుంచి పైకీ కిందికీ నిలువు గీత ఊహించుకోండి. ఆ గీతకు అటూ ఇటూ ఆరంగుళాలు నిషిద్ధం. వేడినీళ్ల, చన్నీళ్ల పాయింట్ల మధ్య అడ్డంగా కూడా లైను పోయి ఉండొచ్చు. స్విచ్ బోర్డుకు, గీజర్ సాకెట్‌కు నేరుగా పైన వైరు గొట్టం ఉంటుంది, ఎందుకంటే మన దగ్గర వైరింగ్ ఎక్కువగా శ్లాబులోంచి కిందికి దిగుతుంది. పక్కకు కూడా ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకు వెళ్లి ఉండొచ్చు. గీజర్ పాయింట్ల చుట్టుపక్కల చోటు అన్నిటికంటే ప్రమాదం. నీళ్ల పైపు, కరెంటు గొట్టం రెండూ అక్కడే కలుస్తాయి.

వేడినీళ్ల లైను కనుక్కోవడానికి పరికరం లేని ఉపాయం ఒకటుంది. గీజర్ పూర్తిగా వేడెక్కాక ఆ పంపు పది నిమిషాలు వదిలి, గోడ మీద అరచేయి ఆనించి చూడండి. పైపు పోయిన దారి వెచ్చగా తగులుతుంది. చన్నీళ్ల లైనుకు ఇది పనికిరాదు. చవక మెటల్ డిటెక్టర్లను నమ్ముకోవద్దు, గోడల్లో నీళ్లకు వాడే సీపీవీసీ పైపు ప్లాస్టిక్‌ది కాబట్టి వాటికి కనబడదు. ప్లాస్టిక్ పైపులోని నీళ్లను పసిగట్టే వాల్ స్కానర్లు వేరే ఉన్నాయి, ఖరీదెక్కువ.

ఇల్లు ఇంకా కడుతుంటే టైల్స్ వేయక ముందే ప్రతి గోడను టేపు ఆనించి, కొలత కనబడేలా ఫోటో తీసుకోండి. పైసా ఖర్చు లేదు. ఇన్ని జాగ్రత్తల్లో ఎక్కువ కాలం పనికొచ్చేది ఇదొక్కటే.

15 లీటర్ల గీజర్ ఎలా బిగించాలి?

బరువు ముందు చూద్దాం. ఖాళీ గీజర్ 7 నుంచి 10 కిలోలు, నీళ్లు 15 కిలోలు. అంటే సుమారు 25 కిలోలు. 25 లీటర్లదైతే 35 కిలోల పైమాటే. ఆ బరువు గోడకు అతుక్కుని ఉండదు. గోడ నుంచి ఆరేడు అంగుళాలు ముందుకు వేలాడుతుంది. అందువల్ల పై బోల్టులు కిందికి జారడం కాదు, ముందుకు పీక్కుని రావడమే అసలు భయం.

గీజర్ వీపు మీద కొక్కేల మధ్య దూరం మీరే కొలవండి. డబ్బాలో ఇచ్చిన కాగితం నమూనా తడికి, మడతలకు సాగి ఉండొచ్చు. గుర్తులు పెట్టి రసమట్టంతో సమం చూడండి. శ్లాబుకు, గీజర్ పైభాగానికి మధ్య ఆరంగుళాలు ఖాళీ వదిలితే కొక్కేల మీదికి ఎత్తి దించడానికి వీలుంటుంది. సరిగ్గా షవర్ నెత్తిన పెట్టొద్దు.

చాంబర్ ఇటుక గోడకు 10 మి.మీ. యాంకర్ ఫాస్టెనర్ (బిగించేకొద్దీ లోపల ఉబ్బి గోడను పట్టుకునే ఇనుప బోల్టు), పైన చెప్పిన లోతులో బాగా పట్టుకుంటుంది. నాటు ఇటుకలో కాలకుండా మెత్తగా మిగిలినవి ఉంటాయి. వాటిలో ఫాస్టెనర్ ఉబ్బగానే ఇటుకే చీలుతుంది. అక్కడ పొడవైన నైలాన్ గిట్టీ, లేదా కెమికల్ యాంకర్ (బెజ్జంలో జిగురు మందు నింపి రాడ్ అతికించడం) నయం. బిట్టు మధ్యలో ఒక్కసారిగా మెత్తగా దిగిందంటే ఇటుక కాక రెండు ఇటుకల మధ్య దర్జులోని మాల్ తగిలిందని అర్థం. రెండు గుర్తులనూ కలిపి ఒకటిన్నర అంగుళం పైకో కిందికో జరపండి.

బిగించాక నీళ్లు నింపకుండానే రెండు చేతులతో కిందికీ, ముందుకూ గట్టిగా లాగి చూడండి. సూది మొనంత కదిలినా విప్పేయాల్సిందే.

తర్వాత నీలం గుర్తు దగ్గర చన్నీళ్లు, ఎరుపు దగ్గర వేడినీళ్లు. చన్నీళ్ల వైపు సేఫ్టీ వాల్వు తప్పక వేయాలి. వేడెక్కేటప్పుడు అది చుక్కలుగా కారడం చెడిపోయినట్టు కాదు, ఆ కారే చోటును ఎప్పుడూ మూయకూడదు. వేడినీళ్ల పంపు తిప్పి ధార సమంగా వచ్చేదాకా స్విచ్ వేయొద్దు, ఎలిమెంటు కాలిపోతుంది. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి నడిపే ఆలోచన మానుకోండి.

మా గోడ తేలిక బ్లాకులది. గీజర్ నిలుస్తుందా?

నిలుస్తుంది, కానీ మామూలు యాంకర్ ఫాస్టెనర్‌తో కాదు. అది ఉబ్బితే బ్లాకు చుట్టూ నలిగిపోతుంది. మొదట గట్టిగా పట్టినట్టే ఉంటుంది, కొన్ని నెలలకు సడలుతుంది. వీటిలో ఏదో ఒకటి చేయండి.

అవతల డక్టు (పైపులు పోయే సందు) ఉండి చేయి పెట్టే వీలుంటే అన్నిటికంటే గట్టిది ఆరపార బోల్టు. 10 మి.మీ. థ్రెడెడ్ రాడ్ గోడ దాటించి, అవతల 4×4 అంగుళాల 5 మి.మీ. ఇనుప ప్లేటు, వాషరు, నట్టు వేస్తే బరువు ప్లేటు వెడల్పంతా పంచుకుంటుంది.

అది కుదరకపోతే కెమికల్ యాంకర్. బెజ్జాన్ని బ్రష్షుతో తోమి ఊదాలి, మళ్లీ తోమి ఊదాలి. ట్యూబులోంచి మొదట వచ్చే మందు రంగు కలవకుండా వస్తుంది, అది పారేయాలి. రంగు సమంగా వచ్చాక బెజ్జం అడుగు నుంచి మూడింట రెండు వంతులు నింపి, రాడ్‌ను తిప్పుతూ దించాలి. ట్యూబు మీద రాసిన ఆరే సమయం అయ్యేదాకా ముట్టుకోవద్దు. రాసినదాని కంటే ముందే బిగించడం వల్లే ఇది పాడవుతుంది, మందు నాసిరకం కావడం వల్ల కాదు.

మూడోది, ఏఏసీకే చేసిన పొడవైన నైలాన్ గిట్టీ. 10 మి.మీ. గిట్టీకి 9 మి.మీ. బిట్టు, హామర్ లేకుండా. గీజర్‌కు ఇది ఆఖరి దారి. టవల్ రాడ్‌కు, హెల్త్ ఫాసెట్ కొక్కేనికి మాత్రం ఇదే మొదటి దారి.

వాష్ బేసిన్ ఎందుకు ఊగుతుంది? బిగించేటప్పుడు ఎందుకు పగులుతుంది?

ఊగడానికి కారణం లోతు చాలకపోవడం. పగలడానికి కారణం అతి బిగింపు. రెండూ ఒకే మేస్త్రీ చేతిలో జరుగుతుంటాయి: బోల్టు ఊగుతోందని నట్టు ఇంకా తిప్పుతాడు, పింగాణీ టప్పున పోతుంది.

బేసిన్ పై అంచు నేల నుంచి 32 – 33 అంగుళాలు ఉండేలా ఇద్దరు పట్టుకుని గోడకు ఆనించి, బేసిన్ బెజ్జాల్లోంచే పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో కాస్త పైకి పెట్టినా ఫరవాలేదు. 10 మి.మీ. రాక్ బోల్టులు కనీసం నాలుగంగుళాలవి తీసుకోండి. బోల్టు గోడలోకి ఎక్కాక బయటికి ఉండాల్సిన పొడవు ఎంతంటే బేసిన్ వీపు మందం, వాషర్లు, నట్టు, ఆపైన రెండు మర్రలు. నైలాన్ బుష్, నైలాన్ వాషరు లేకుండా ఇనుము నేరుగా పింగాణీకి తగలకూడదు. నట్టు చేత్తో బిగించి, స్పానరుతో పావు తిప్పు, అంతే. రెండు పక్కలా మార్చి మార్చి బిగించండి.

గోడకు, బేసిన్‌కు మధ్య సందులో సానిటరీ సిలికాన్ వేసి 24 గంటలు వదిలేయండి. అరకాళ్ల పెడెస్టల్ అందానికే, బరువు మోయదు. దాన్ని నమ్ముకుని బోల్టు తగ్గించొద్దు.

గిట్టీ బెజ్జంలో తిరిగిపోతోంది. అగ్గిపుల్లలు కుక్కితే సరిపోతుందా?

తేలిక సామానుకు ఏడాదో రెండేళ్లో నెట్టుకొస్తుంది. బాత్రూం తడికి చెక్క ఉబ్బి, ఆరి, వదులవుతుంది. పెద్ద సైజు గిట్టీకి బెజ్జం పెంచడం శుభ్రమైన దారి. 8 మి.మీ. పోతే 10. అదీ కుదరకపోతే కెమికల్ యాంకర్. బెజ్జంలో తెల్ల సిమెంటు నింపి వెంటనే స్క్రూ ఎక్కించడం పనికిరాని పని.

కాలమ్‌కు, బీమ్‌కు డ్రిల్ చేయొచ్చా?

క్లాంపుకు, ఫాస్టెనర్‌కు 40 మి.మీ. లోపు బెజ్జమైతే సాధారణంగా ఇబ్బంది లేదు. కాలమ్‌లో కడ్డీల మీద కాంక్రీటు కవరు 40 మి.మీ. ఉండాలన్నది ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) లెక్క. కట్టేటప్పుడు తక్కువ వదిలినవీ ఉంటాయి. బీమ్‌లో కవరు ఇంకా తక్కువ. బిట్టు కడ్డీకి తగిలితే చప్పుడు మారి, మెరిసే రజను వస్తుంది. ఆపేసి పక్కకు జరపండి. కడ్డీని కోసుకుంటూ పోవద్దు. పైపు దాటించడానికి కాలమ్‌కు, బీమ్‌కు కోర్ కట్టింగ్ చేయించడం ఇంజనీరు చెప్పకుండా అస్సలు కుదరదు. పోస్ట్ టెన్షన్ శ్లాబులున్న భవనంలో సీలింగుకు బెజ్జం వేసే ముందు బిల్డరును అడిగి తీరాలి, లోపల లాగి బిగించిన తీగలుంటాయి.

బయటి పైపులకు క్లాంపులు ఎంతెంత దూరంలో?

అంగుళం వరకు ఉన్న సీపీవీసీకి 3 అడుగులకొకటి, ఒకటింబావు నుంచి పైన 4 అడుగులకొకటి. మూల తిరిగే చోట, వాల్వు దగ్గర అదనంగా ఒకటి. క్లాంపు పైపును నొక్కి పట్టకూడదు. సీపీవీసీ వేడికి బాగా సాగుతుంది: 10 అడుగుల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 మి.మీ. పొడుగవుతుంది. కదలడానికి చోటు లేకపోతే ఎల్బో దగ్గర చీలుతుంది. మే నెలలో మేడ మీద పగిలే జాయింట్లలో చాలావాటికి ఈ బిగింపే కారణం. మేకు కొట్టే రేకు క్లాంపుల అంచు పైపును కోస్తుంది, ప్లాస్టిక్ క్లాంపు, స్టెయిన్‌లెస్ స్క్రూ వాడండి. ఎండ తగిలే పైపుకు నీళ్లలో కలిసే యాక్రిలిక్ పెయింటు వేయండి, ఆయిల్ పెయింటు వద్దు. కోతులు తిరిగే ఊళ్లలో అయితే దూరం రెండడుగులకు తగ్గించండి. అవి పైపు పట్టుకుని ఊగడానికి ఏ కంపెనీ పట్టికలోనూ లెక్క ఉండదు.

పంపు తిప్పినప్పుడల్లా గోడలో కదులుతోంది. ఫ్లాంజి (పంపు మొదట్లో గోడకు ఆనే గుండ్రటి మూత) వెనక సిలికాన్ వేస్తే చాలా?

చాలదు. లోపలి ఇత్తడి ఎల్బో చుట్టూ సిమెంటు సరిగా పట్టలేదు. ఊగేకొద్దీ గోడ లోపల సీపీవీసీ జాయింటు పగిలి, తేమ పక్కింటివాళ్ల గోడ మీద తేలుతుంది. ఫ్లాంజి జరిపి చుట్టూ వదులు మాల్ గీకి, గట్టి సిమెంటు కూరి రెండు రోజులు ముట్టుకోకుండా వదలాలి.

ఎల్బో గోడలో బాగా లోపలికి ఉంటే పంపును బలవంతంగా అందించొద్దు, ఎక్స్‌టెన్షన్ నిపిల్ వేయండి. టెఫ్లాన్ టేపు మర్ర తిరిగే దిక్కుకే 12 – 15 చుట్లు. బిగించాక నిటారు చేయడానికి పంపును వెనక్కి తిప్పితే టేపు తెగి కారుతుంది. విప్పి మళ్లీ చుట్టాలి.

గోడకు వేలాడే కమోడ్ నాలుగున్నర అంగుళాల గోడకు పెట్టొచ్చా?

గోడ బలం మీద ఆధారపడి పెట్టొద్దు. యూరప్ ప్రమాణంలో ఈ కమోడ్‌ను 400 కిలోల బరువుతో పరీక్షిస్తారు, ఆ భారం ఎక్కడికో వెళ్లాలి కదా. కాళ్లు శ్లాబుకు బిగించే ఇనుప ఫ్రేము ఉన్న కన్సీల్డ్ సిస్టర్న్ (గోడ వెనక దాగే ఫ్లష్ ట్యాంకు) తీసుకోండి. ఫ్రేముకు ముందు కట్టే గోడ ముసుగు మాత్రమే.

బెజ్జం వల్ల వాటర్‌ప్రూఫింగ్ పాడవుతుందా?

షవర్ తడిసే గోడలో అయితే అవును, వేసిన ప్రతి బెజ్జమూ ఒక దారే. గిట్టీ దించే ముందు బెజ్జంలో సిలికాన్ కాస్త నింపండి, ప్లేటు వెనక కూడా పూయండి. బాత్రూం నేలకు, నేల నుంచి అడుగు ఎత్తు వరకు గోడకు బెజ్జం వేయకండి. కమోడ్ స్క్రూలకు తప్పనిసరైతే లోతు టైలు, మాల్ దాటనివ్వద్దు. యాసిడ్‌తో కడిగే అలవాటున్న ఇంట్లో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) స్క్రూలు తొందరగా తుప్పు పట్టి, గోధుమరంగు మరక టైలు మీదికి దిగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ వాడండి.

డ్రిల్ చేసేటప్పుడు షాక్ కొట్టకుండా ఏం చూసుకోవాలి?

నేల పొడిగా ఉండాలి, కాళ్లకు రబ్బరు చెప్పులుండాలి. ఆ గోడలోని సర్క్యూట్ ఎంసీబీ దించేసి, డ్రిల్‌కు వేరే గది నుంచి కరెంటు తీసుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి, టైలు పెచ్చు కంటికి తగిలితే మామూలు దెబ్బ కాదు. కాంక్రీటు, ఇటుక పొడిలో సిలికా ఉంటుంది, కర్చీఫు దాన్ని ఆపదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. బకెట్టు బోర్లించి ఎక్కకండి. బిట్టు ఇరుక్కుంటే డ్రిల్ ఒక్కసారిగా చేతిని తిప్పేస్తుంది, కింద నిలకడ లేకపోతే పడిపోతారు.

పైపుకు తగిలింది, నీళ్లు చిమ్ముతున్నాయి. ఇప్పుడేం చేయాలి?

డ్రిల్ ఆపి ప్లగ్గు పీకండి, తడి చేత్తో కాదు. అవసరమైతే మెయిన్ స్విచ్చే దించండి. బిట్టు లోపలే ఉంటే ఉండనివ్వండి, నీళ్లు కొంత తగ్గుతాయి. డక్టులోనో మేడ మీదో ఆ లైను గేట్ వాల్వు కట్టేసి, కింది పంపు తెరిచి లైను ఖాళీ చేయండి. వేడినీళ్ల లైను అయితే గీజర్ స్విచ్ కూడా ఆపండి.

ఎంసీల్, గుడ్డ, సైకిల్ ట్యూబు ప్రయోగాలు గోడలో పూడ్చిపెట్టే లైనుకు వద్దు. ఆ టైలు తీసి, పైపుకు అటూ ఇటూ చేతికి అందేంత గోడ తవ్వి, దెబ్బతిన్న ముక్క కోసి, రెండు కప్లర్లతో కొత్త ముక్క వేయాలి. కోసిన అంచులు గీకి, పూర్తిగా ఆరబెట్టాలి. చెమ్మ ఉంటే సాల్వెంట్ పట్టదు. వాల్వు సరిగా మూయక చుక్కలు వస్తూనే ఉంటే ముందు ఆ వాల్వు సంగతి చూడాలి. అతికించాక అర నిమిషం కదలకుండా పట్టుకుని, 24 గంటల తర్వాత పూర్తి ఒత్తిడితో నీళ్లు వదలండి. జాయింటు పొడిగా ఉందని ఒక రోజంతా చూశాకే గోడ మూయండి.

తగిలింది వైరు గొట్టమైతే, ఎంసీబీ పడినా పడకపోయినా, మెయిన్ దించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తెగిన వైరును గోడలోనే ముడి వేయకూడదు, పెట్టె నుంచి పెట్టెకు కొత్త వైరు లాగాలి.